సంగీత వేదిక గిట్టుబాటు అవుతుందా? మూడో పాఠం: ఏడాదికి ఎన్ని సాయంత్రాలు?

పోయిన పాఠంలో ఒక్క కచేరీ జమాఖర్చు రాయడం నేర్చుకున్నాం. మన ఉదాహరణ నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో పెట్టాలనుకుంటున్న 250 కుర్చీల ఏసీ హాలు. అంకెలన్నీ అభ్యాసం కోసం వేసుకున్నవే. 300 రూపాయల టికెట్లు 120 తెగితే 36,000 వస్తాయి, టీ, సమోసాల మీద ఇంకో 3,600 మిగులుతాయి. ఆర్కెస్ట్రాకి, సౌండ్ చూసే మనిషికి, కరెంటుకి, పోస్టర్లకి, పాటల లైసెన్సుకి కలిపి 28,000 పోగా మిగిలేది 11,600.

హాలు 250 మందిదైతే 120 టికెట్లేనా అని అడుగుతారు. మన ఊళ్ళలో ముందు రెండు వరుసలు ఎవరికి పోతాయో ఒకసారి చూడండి. దాతల కుటుంబాలు, ఆఫీసర్లు, వార్డు పెద్దలు, పాడేవాళ్ళ చుట్టాలు, అందరూ పాసుల మీద వచ్చేవాళ్ళే. కుర్చీ నిండుతుంది, గల్లాపెట్టె నిండదు. అందుకని లెక్కలో జనాన్ని కాదు, తెగిన టికెట్లనే రాయండి. టికెట్ ధర పెంచితే సరిపోతుందనుకుంటే ఇంకో సంగతి కూడా చూసుకోవాలి: మనిషికి 500 రూపాయలు దాటని కచేరీ టికెట్ మీద జీఎస్టీ లేదు, దాటితే పడుతుంది.

ఇక అసలు లెక్కకి వద్దాం. హాలుకి తాళం వేసి ఉన్నా ఆగని ఖర్చులు కొన్ని ఉంటాయి. నెలకి అద్దె 1,20,000, సిబ్బంది జీతాలు 70,000, సౌండ్, ఏసీల కోసం తెచ్చిన అప్పు వాయిదా 90,000, కరెంటు కనీస చార్జీలు 20,000, మరమ్మతులు, బీమా 20,000 అనుకుందాం. మొత్తం 3,20,000. అంటే ఏడాదికి 38,40,000. దీన్ని 11,600తో భాగిస్తే 331 కాస్త దాటుతుంది. పైసా లాభం లేకుండా నష్టం తప్పించుకోవాలన్నా ఏడాదిలో 332 కచేరీలు జరగాలి.

జరుగుతాయా? పంచాంగం, క్యాలెండరు రెండూ పక్కన పెట్టుకుని చూడండి. శని, ఆదివారాలు కలిపి ఏడాదికి 104 సాయంత్రాలు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణాల్లో ముహూర్తాలు బలంగా ఉన్న రోజుల్లో మన శ్రోతలు రిసెప్షన్లలో ఉంటారు, ఆర్కెస్ట్రావాళ్ళూ అక్కడే ఉంటారు. వినాయక చవితికి, దసరాకి పందిళ్ళలో పాట ఉచితంగా దొరుకుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, ఒక్కోసారి తుపాను. ఫిబ్రవరి, మార్చిలో ఇంటర్ పరీక్షలు, పిల్లలున్న ఇళ్ళు కదలవు. కర్ణాటక సంగీతం పాడేవాళ్ళకి డిసెంబరులో మద్రాసు సభలుంటాయి. ఇవన్నీ తీసేస్తే నాకు 60 దాటి రావడం లేదు.

మంచి రోజులు మాత్రం చాలామంది ఊహించని చోట ఉన్నాయి. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. వాయిద్యకారులు ఖాళీగా ఉంటారు, పారితోషికం కూడా కాస్త దిగుతుంది, జనానికీ సాయంత్రాలు తీరికే. హాలు పెట్టేవాళ్ళు ఈ నెలని శూన్యమాసమని వదిలేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. నేనైతే వీలైనన్ని కచేరీలు అక్కడే గుచ్చుతాను. జూన్ 4, గాయకుడు ఎస్పీ బాలుగారి పుట్టినరోజు కూడా వదులుకోకూడని తేదీ, రోహిణి కార్తె చివరి రోజులు కాబట్టి ఏసీ బిల్లు మాత్రం ఎక్కువ వేసుకోండి. “బాలుగారి ఊరండీ, పాటకి ఆదరణ లేకుండా ఉంటుందా?” అనేవాళ్ళు మీకు తప్పకుండా ఎదురవుతారు. ఆదరణ నిజమే. ఆ అభిమానం ఇన్నేళ్ళూ చందాల రూపంలో, ఉచిత ప్రవేశం రూపంలో నడిచింది. మీ హాలుకి కావలసింది అది టికెట్ రూపంలో.

ఇప్పుడు లెక్కని తిరగేయండి. ఈ పాఠంలో నేర్చుకోవలసింది ఇదే. 60 సాయంత్రాలు × 11,600 = 6,96,000. పన్నెండుతో భాగిస్తే నెలకి 58,000. కచేరీలు మోయగలిగిన నెల ఖర్చు అంతే, మన ఉదాహరణలో అద్దె ఒక్కటే దానికి రెట్టింపు ఉంది. పగళ్ళు, మామూలు రోజులు హాలుని డాన్సు స్కూళ్ళ అరంగేట్రాలకి, కాలేజీ వార్షికోత్సవాలకి, సీమంతాలకి 15,000కి ఇచ్చి, శుభ్రతకీ కరెంటుకీ 3,000 పోతే 12,000 మిగులుతుంది. అలాంటివి ఏడాదికి 100 దొరికితే 12,00,000. రెండూ కలిపితే నెలకి 1,58,000 దాకా మోయగలదు. నెలకి 3,20,000 ఖర్చుతో నడిచే హాలుకి ఇది చాలదు. ఇప్పటికే నడుస్తున్న కల్యాణ మండపం మేడమీద, సొంత స్థలంలో, అప్పు తక్కువగా పెట్టుకునే హాలుకి సరిపోవచ్చు. రెండూ వేర్వేరు వ్యాపారాలు, బయటికి ఒకేలా కనిపిస్తాయి.

సమయం కూడా లెక్కలోదే. రాత్రి పది దాటాక శబ్దం బయటికి పోకూడదు, గోడలకి శబ్దం ఆపే పని చేయించకపోతే తొమ్మిదిన్నరకి ముగించాలి. పక్క ఊళ్ళు కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చినవాళ్ళు తొమ్మిదికే గడియారం చూసుకుంటారు. కాబట్టి ఒక సాయంత్రానికి ఒకటే ఆట, రెండో ఆట రాబడి రాసుకోవద్దు.

అభ్యాసం: మీ ఊరిదే, ఒంగోలు గానీ కావలి గానీ కందుకూరు గానీ, ఒక హాలు ఎంచుకోండి. పంచాంగంతో సాయంత్రాలు మీరే ఏరండి, 60 అని నా అంకె తీసుకోవద్దు. తర్వాత 120 టికెట్ల చోట 80 వేసి లెక్క మళ్ళీ కట్టండి, మిగులు ఎంతకి పడిపోతుందో రాసి ఉంచండి. నాలుగో పాఠంలో హాలు కట్టకముందే పురమందిరం (టౌన్ హాలు) లాంటి చోటు అద్దెకి తీసుకుని, ముందస్తు డబ్బు వసూలు చేసి జనాన్ని పరీక్షించడం ఎలాగో చూద్దాం. దానికి ఈ కాగితం కావాలి.