వెనకొచ్చే అడుగులు తెరమీద ఎంత కనిపించాలె? (సొంతంగా గేమ్ చేసుకుందాం: 4వ భాగం)

పోయిన భాగంల కావలివానికి అడుగుల చప్పుడు పెట్టినం. జాగ అదే: ఖిలా వరంగల్, వెన్నెల రాత్రి, నాలుగు తోరణాల నడుమ. వాడు వెనకనుంచి వస్తుంటే తెరమీద గుర్తు చూపాల్నా, వద్దా?

మొదట్ల నేను వద్దనే అనుకున్న. రాతి తోరణం అంత కష్టపడి తయారుజేసి, దానిమీద ఎర్ర బాణాలు అతికిస్తమా? ఒక రాత్రి మా అక్క కొడుకు ఫోన్‌ల బీజీఎంఐ అనే కాల్పుల ఆట ఆడుతుంటే పక్కన కూసున్న. ఇంట్ల అందరు పండుకున్నరు, ఫోన్‌ల సౌండ్ బంద్. వాని కండ్లు పై మూలన చిన్న మ్యాపును వదలలే. పాదం గుర్తొస్తే అడుగులు, తూటా గుర్తొస్తే కాల్పులు. కొండలు, గడ్డి గీసినోళ్ల కష్టం గంగపాలే. కానీ ఆ గుర్తులు లేకుంటే ఆ రాత్రి వాడు ఆడనేలేడు. ఫోర్ట్‌నైట్ అనే ఇంకో కాల్పుల ఆటల అయితే చప్పుడు ఏ దిక్కున ఉందో తెర నడుమ వలయం మీదనే చూపుతది. వినబడనోళ్లకు అది పెద్ద ఆసర.

అందుకే గుర్తు పెడదాం. కానీ చెవికి తెలిసేదానికంటే ఎక్కువ చెప్పొద్దు. కాజీపేట జంక్షన్ పక్కన ఉండేటోళ్లకు కూత వింటే బండి ఏ దిక్కునుంచి వస్తుందో తెలుస్తది. ఎన్ని డబ్బాలున్నయో తెలువది. గంతే.

గోడోలో (మనం ఆట తయారుజేసే సాఫ్ట్‌వేర్‌ల) పని ఇది. కెమెరా చూసే దిక్కు (గోడోల అది మైనస్ జడ్ ఇరుసు), కావలివాడున్న దిక్కు తీసుకోండి. రెండిట్ల ఎత్తును సున్నా చేసి, ‘సైన్డ్ యాంగిల్ టు’ అనే ఫంక్షన్‌తో నడిమి కోణం తీయండి. పైదిక్కును ఇరుసుగా పెడితే ఎడమకు ప్లస్ వస్తది. తెరమీద ప్లస్ అంటే గడియారం ముల్లు తిరిగే వైపు. కాబట్టి మైనస్ పెట్టి తిప్పాలె. నేనది మరిచి, ఎడమనుంచి వచ్చినోన్ని కుడిదిక్కు వెతుక్కుంట రెండు రోజులు తిరిగిన.

ఆ కోణాన్ని ఉన్నదున్నట్టు వాడొద్దు, 45 డిగ్రీల ముక్కకు సర్దండి. 8 దిక్కులు చాలు. 10 మీటర్ల లోపల గుర్తు గాఢంగ, 25 దాటితే మాయం. నడుమ గోడ అడ్డముంటే సగం వెలుగే. ముఖ్యమైంది: వాడు కదలక నిలబడితే గుర్తు రావొద్దు, చప్పుడే లేదు గద! ఇక్కడ మోసం చేయొద్దు.

రంగు ఎరుపు వద్దు, వెన్నెల రంగు ఇచ్చి తెర అంచుకు పెట్టండి. సెట్టింగ్స్‌ల గుర్తును పెద్దగ చేసుకునే మీట తప్పకుండ ఉండాలె.

వచ్చే భాగం లోపల ఇద్దరితోటి ఆడించండి: ఒకరు ఇయర్‌ఫోన్లతోటి, ఒకరు సౌండ్ బంద్ పెట్టి. మీరు తెర చూడొద్దు, వాళ్ల కండ్లు చూడండి. రెండో మనిషి ఒక్కసారి గూడ తోరణం దిక్కు చూడకపోతే, గుర్తు వెలుగు సగం తగ్గించి మళ్ల ఆడించండి.