రోహిణి కార్తెలో గోల్ఫ్ గడ్డి: వాల్వు తిప్పే ముందు కత్తి దించి చూడండి

ఎండల వార్తల్లో చంద్రపూర్ పేరు రాని మే నెల ఉండదు. 46, 47 డిగ్రీలు మాకు మామూలే. బల్లార్షా వైపు ఒక టౌన్‌షిప్‌లో తొమ్మిది హోల్స్ ఉన్న చిన్న గోల్ఫ్ మైదానం గడ్డి చూసుకోవడం నా పని. మా మాలీల్లో సగం మంది మరాఠీవాళ్ళు, మిగతావాళ్ళు సిరొంచ, రాజురా వైపు నుంచి వచ్చిన మన తెలుగువాళ్ళు. గడ్డి కాస్త రంగు మారితే చాలు, రెండు భాషల్లోనూ ఒకటే మాట: నీళ్ళు చాలలేదు. చాలాసార్లు అది నిజం కాదు. ఆ మాట నమ్మి ఒక గ్రీన్‌ని, అంటే బంతి పడే గుంత, జెండా ఉండే పొట్టి గడ్డి చదునుని, నేనే చంపుకున్నాను. ఆ సంగతి కింద వస్తుంది.

మా దగ్గర ఉన్నది బెర్ముడా గడ్డి. పేరు విదేశీదిలా ఉన్నా వినాయకుడి పూజకు కోసుకొచ్చే గరికది కూడా ఆ కుటుంబమే. గ్రీన్‌ల మీద వేసే టిఫ్‌డ్వార్ఫ్ లాంటివి దాని హైబ్రిడ్‌లు. 27 నుంచి 35 డిగ్రీల మధ్య ఈ గడ్డి బాగా పెరుగుతుంది. అంతకు మించితే నెమ్మదిస్తుంది తప్ప ఒక్క ఎండకే చచ్చిపోయే రకం కాదు. అందుకే చస్తోందంటే వేరులోనో, మట్టిలోనో, బ్లేడులోనో ఇంకో కారణం ఉందని అర్థం. అది వెతకడానికి జేబులో ఒక కత్తి, చేతిలో పొడవాటి స్క్రూడ్రైవర్ ఉంటే చాలు.

మొదట దూరం నుంచి మచ్చ ఆకారం చూడండి. గీత గీసినట్టు తిన్నగా ఉంటే అది మనిషి పనో, మెషిన్ పనో. గడ్డి కోసే మోవర్ నుంచి హైడ్రాలిక్ ఆయిల్ కారి ఉంటుంది, లేదా ఎరువు చల్లేటప్పుడు ఒకే చోట రెండుసార్లు పడి ఉంటుంది. ఆకారం లేకుండా అక్కడక్కడా ఉంటే మట్టినో, నీటినో, పురుగునో అనుమానించాలి.

నడిస్తే అడుగుల గుర్తులు అలాగే ఉండిపోతున్నాయి, గడ్డి నీలం కలిసిన బూడిద రంగులోకి తిరిగింది

ఇది నిజంగా దాహం. ఆకులో నీటి బిగువు తగ్గింది కాబట్టే తొక్కితే మళ్ళీ లేవడం లేదు. ఇది పగలు కనబడితే రాత్రి దాకా ఆగకండి. చేతి పైపుతో ఒకటి రెండు నిమిషాలు సన్నటి జల్లు కొడితే ఆకు చల్లబడుతుంది. ఇది దాహం తీర్చడానికి కాదు, ఆ మధ్యాహ్నం గడవడానికి మాత్రమే. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్క హోల్స్‌కి ఈ జల్లు వల్ల ఆకు మీది నల్లదుమ్ము కూడా పోతుంది.

అసలు నీళ్ళు తెల్లవారుజామున పెట్టాలి. మేం మూడింటికి స్ప్రింక్లర్లు వదిలి ఎండ ఎక్కేలోపు ముగిస్తాం. సాయంత్రం పెడితే ఆకు రాత్రంతా తడిగా ఉండి బూజు తెగుళ్ళకు చోటిస్తుంది. ఎంత పెట్టాలన్నది కష్టమైన లెక్క కాదు: చదరపు మీటరు మీద 1 మి.మీ. నీరంటే 1 లీటరు. వేసవిలో గడ్డి రోజుకు 6, 7 మి.మీ. దాకా తాగుతుంది. 500 చదరపు మీటర్ల గ్రీన్‌కి 7 మి.మీ. అంటే 3,500 లీటర్లు. మీ స్ప్రింక్లర్ అంత ఇస్తోందో లేదో తెలియాలంటే ఒకే సైజు ఖాళీ డబ్బాలు ఓ పది గ్రీన్ మీద పెట్టి పావుగంట నడపండి. స్కేలుతో కొలిస్తే ఒక డబ్బాలో 2 మి.మీ., ఇంకోదాంట్లో 6 మి.మీ. తేలడం నాకు కొత్త కాదు. అలాంటప్పుడు టైమ్ పెంచితే తడి చోటు బురద అవుతుంది, ఎండిన చోటు ఎండినట్టే ఉంటుంది. నాజిల్ విప్పి సున్నపు పెచ్చు గీకేయండి, ఒరిగిపోయిన హెడ్ సరిచేయండి. బోరు నీళ్ళున్న చోట ఈ పెచ్చు తప్పదు.

నీళ్ళు బాగానే పెడుతున్నా గ్రీన్ మీద గోధుమ రంగు మచ్చలు, పక్కనే పచ్చగా ఉంది

ఇసుక మీద పెంచిన గ్రీన్‌లలో ఇది ఎక్కువ. గడ్డి తుక్కు కుళ్ళినప్పుడు, శిలీంధ్రాలు పెరిగినప్పుడు వచ్చే మైనం లాంటి పదార్థం ఇసుక రేణువులకు పూతలా పట్టేస్తుంది. అప్పటి నుంచి ఆ ఇసుక నీటిని తామరాకులా తోసేస్తుంది. మచ్చలోంచి ఒక కోర్ (గొట్టం దించి తీసే మట్టి కడ్డీ) తీసి పక్కకు పడుకోబెట్టి, పై నుంచి కింది దాకా సెంటీమీటరుకొక చుక్క నీళ్ళు వేయండి. చుక్క ముత్యంలా నిలబడిపోయిన చోటే రోగం. మామూలుగా అది పై రెండు మూడు సెంటీమీటర్లలోనే ఉంటుంది.

ఫోర్కుతో దగ్గర దగ్గరగా గుచ్చి, ఇసుకలోకి నీరు ఇంకేలా చేసే వెట్టింగ్ ఏజెంట్ అనే మందును లేబుల్ మీద రాసిన మోతాదులో కలిపి పోసి, వెంటనే నీళ్ళతో లోపలికి దించాలి. తర్వాత ఆ మచ్చలకు మాత్రమే చేతి పైపు. ఒకేసారి పోస్తే పక్కకు జారిపోతాయి కాబట్టి ఐదు నిమిషాలు పెట్టి, ఇరవై నిమిషాలు ఆగి, మళ్ళీ ఐదు నిమిషాలు పెట్టండి. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళతో సరిపెట్టాలని చూడకండి. ఎక్కువైతే ఆకు మాడుతుంది.

మట్టి తడిగానే ఉంది, అయినా మధ్యాహ్నానికి గడ్డి వాడిపోతోంది

నా గ్రీన్‌ని చంపింది ఇదే. ఐదో గ్రీన్ అంచున మంచమంత మేర పసుపు తిరిగింది. మా పెద్ద మాలీ కాకా "పాణీ కమీ పడ్లం" (నీళ్ళు చాలలేదు) అన్నాడు. నాకూ అలాగే అనిపించి తెల్లవారుజాము స్ప్రింక్లర్‌ని పది నిమిషాలు పెంచాను. వారంలో మచ్చ రెట్టింపు అయింది. ఇంకో పది పెంచాను. మూడో వారం గడ్డి పట్టుకుని లాగితే వేరు లేకుండా ఊడి వచ్చింది. అప్పుడు గానీ కత్తి దించలేదు. మూడు సెంటీమీటర్ల కింద నల్లటి పొర, కుళ్ళిన గుడ్ల వాసన.

వేరుకు నీళ్ళతో పాటు గాలి కూడా కావాలి. మట్టి సందులన్నీ నీళ్ళతో నిండితే గాలికి చోటుండదు, పైగా వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ ఇంకా తగ్గిపోతుంది. వేరు చచ్చిపోయాక చుట్టూ ఎన్ని నీళ్ళున్నా తాగే నోరే ఉండదు. అందుకే పైకి దాహంలా కనబడుతుంది. ఆ లక్షణం చూసి మళ్ళీ నీళ్ళు పెడతాం, అది మిగిలిన వేర్లను కూడా తీసుకుపోతుంది. మా ఐదో గ్రీన్, మైదానంలోని అన్ని గ్రీన్‌ల కంటే పల్లంలో ఉంది. కింది డ్రెయిన్ పైపు నోరు రోడ్డు పక్క మట్టితో పూడుకుపోయింది. దాన్ని తవ్వి తీస్తే సగం రోజు నల్లటి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

మీకు అదే కనబడితే ముందు స్ప్రింక్లర్ ఆపండి. డ్రెయిన్ బయటికి వచ్చే చోటు వెతికి చూడండి. ఎక్కడుందో ఎవరికీ తెలియని మైదానాలూ ఉంటాయి, మాదీ అదే బాపతు. సన్నటి ఊచలతో ఎనిమిది పది సెంటీమీటర్ల లోతు గుచ్చి, పైన పొడి ఇసుక పలచగా లాగండి. మధ్యాహ్నం ఆకు మీద జల్లు మాత్రం ఇవ్వండి, ఎందుకంటే మిగిలిన కొద్దిపాటి వేర్లు ఆ ఎండకు సరిపోవు. కోత ఎత్తు పెంచి, ఎరువు ఆపేసి, జెండాను దూరంగా మార్చండి. పూర్తిగా చచ్చిన భాగం తిరిగి రాదు. మేం జూన్‌లో నర్సరీ నుంచి తీగ ముక్కలు తెచ్చి నాటుకున్నాం.

ఇసుక కొనేటప్పుడు కూడా ఒక పరీక్ష చేయండి. గాజు సీసాలో సగం ఇసుక, సగం నీళ్ళు పోసి గట్టిగా ఊపి రాత్రంతా వదిలేయండి. పైన ఒండ్రు పొర దళసరిగా తేరితే ఆ లారీ వెనక్కి పంపండి. ఆ ఒండ్రే రేపు మీ గ్రీన్ సందులు మూసేది.

కోసిన మర్నాడు మైదానమంతా తెల్లబారినట్టుంది

ఒక ఆకు తెంపి కొన చూడండి. చీరికలు చీరికలుగా ఉంటే బ్లేడు మొద్దుబారింది. రీల్ మోవర్ (గుండ్రంగా తిరిగే కత్తుల చుట్టతో కోసేది) అయితే పేపరు ముక్కను రీల్‌కీ కింది బ్లేడుకీ మధ్య పెట్టి చేత్తో జాగ్రత్తగా తిప్పండి, కత్తెరతో కోసినట్టు తెగాలి. కొన శుభ్రంగానే ఉండి కింద గోధుమ రంగు కాడలు కనబడుతుంటే కోత మరీ కిందికి దిగింది. ఒక కోతలో మూడో వంతు కంటే ఎక్కువ తీయకూడదు. గ్రీన్ 3 నుంచి 5 మి.మీ., గ్రీన్ దాకా బంతి కొట్టుకుంటూ వెళ్ళే పొడవాటి గడ్డి బాట, అంటే ఫెయిర్‌వే, 12 నుంచి 18 మి.మీ. మధ్య ఉంటుంది. మే నెలలో నేను గ్రీన్‌ని కనీసం 1 మి.మీ. పైకి లేపుతాను. బంతి నెమ్మదిగా దొర్లుతోందని సభ్యుల గొడవ మొదలవుతుంది, రోజు విడిచి రోజు కోతకు బదులు రోలర్ నడిపితే వాళ్ళూ కాస్త చల్లబడతారు. కమిటీతో వాదించాల్సిన రెండే రెండు విషయాల్లో ఇదొకటి, రెండోది నీళ్ళ ట్యాంకరు బిల్లు.

పసుపు రంగు, కానీ గడ్డి వాడలేదు

ముదురాకులు ముందు పసుపైతే నత్రజని తక్కువ. లేతాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపైతే ఇనుము తక్కువ. మా నల్లరేగడిలో సున్నం ఎక్కువ కాబట్టి ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. దానికి మట్టిలో వేసేకంటే ఫెర్రస్ సల్ఫేట్ లీటరుకు 2, 3 గ్రాములు కలిపి చల్లటి పూట ఆకు మీద పిచికారీ చేయడం మేలు. సిమెంటు బాట మీద పడితే తుప్పు మరకలు పోవు, చెప్పలేదనకండి.

నత్రజని అయితే వారానికి చదరపు మీటరుకు 1 గ్రాము లెక్కన కొంచెం కొంచెంగా ఇవ్వండి. 500 చదరపు మీటర్ల గ్రీన్‌కి అది సుమారు 1.1 కిలోల యూరియా. నీళ్ళలో కరిగించి పిచికారీ చేసి వెంటనే కడిగేయాలి. ఎండలో పొడి యూరియా విసిరితే పడిన చోటల్లా కాలిన చుక్కలు.

ఆకు కొనలు మాడి, నేల మీద తెల్లటి పొడి

ఇది బోరు నీటి ఉప్పు. వేసవిలో రోజూ పైపైన తడిపితే నీరు ఆవిరై ఉప్పు పైన మిగులుతుంది. డ్రెయిన్ బాగుంటే వారానికోసారి ఎక్కువ నీళ్ళు పెట్టి ఉప్పును వేరు కిందికి కడిగేయాలి. డ్రెయిన్ బాగోకపోతే ముందు పైనున్న ఐదో గ్రీన్ కథ మళ్ళీ చదవండి. జిప్సం అన్ని ఉప్పులకూ మందు కాదు, పరీక్షలో సోడియం ఎక్కువని తేలితేనే వేయండి.

గడ్డి చాపలా చుట్టుకుని లేచివస్తోంది, కాకులు గుచ్చి తింటున్నాయి

వేరు పురుగు. వేరుశనగ వేసిన రైతుకు చెప్పక్కర్లేదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు గడ్డి కోసి తిప్పి చూస్తే సి అక్షరంలా ముడుచుకున్న తెల్ల పురుగులు ఉంటాయి. ఐదారుకు మించితే మందు వేయాల్సిందే. సబ్బు నీళ్ళు పోస్తే గొంగళి పురుగులు, నేల చిమ్మెటలు పైకి వస్తాయి గానీ ఇవి రావు, తవ్వాల్సిందే. మొదటి వానలు పడిన సాయంత్రాలు పెంకు పురుగులు వేపచెట్ల మీదికి వస్తాయి. కింద పట్టా పరిచి కొమ్మలు దులిపి కిరోసిన్ కలిపిన నీళ్ళలో వేస్తే ఆ ఏడాది సగం బాధ తగ్గుతుంది. టౌన్‌షిప్ పిల్లలకు ఇది పెద్ద ఆట.

ఫెయిర్‌వే పగుళ్ళిచ్చింది

రోహిణి ఎండకు రోళ్ళే పగులుతాయంటారు, రేగడి పగలడంలో వింతేముంది. సగం ఇసుక, సగం జల్లించిన కంపోస్టు కలిపి పూడ్చండి, మళ్ళీ పగుళ్ళు వస్తాయి, మళ్ళీ పూడ్చండి. బంతి దూరేంత పెద్దవైతే కమిటీ చేత ఆ చోటును గ్రౌండ్ అండర్ రిపేర్‌గా ప్రకటింపజేసి తెల్ల గీత గీయించండి. అప్పుడు ఆటగాడు పెనాల్టీ లేకుండా బంతిని తీసి పక్కన వేసుకోవచ్చు.

మాలీ మాట తడబడుతున్నాడు, పిచ్చిగా ప్రవర్తిస్తున్నాడు

వడదెబ్బ. ఆ క్షణం గడ్డిని మరచిపోండి. నీడకు మోసుకెళ్ళి, చొక్కా విప్పి, చేతిలో ఉన్న ఆ పైపుతోనే ఒంటినిండా నీళ్ళు కొట్టండి, విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు. నీళ్ళు వదిలే పని తప్ప మిగతాదంతా నాలుగున్నరకు మొదలుపెట్టి పదింటికి ఆపేస్తాం. మధ్యాహ్నం జల్లు కొట్టడానికి మాత్రం ఇద్దరిద్దరు వంతులవారీగా వస్తారు, ఒంటరిగా ఎవరినీ పంపం. షెడ్డులో కుండ నిండా మజ్జిగ, పక్కన ఓఆర్ఎస్ పొట్లాలు.

గట్టిపడిన నేలకు అసలు వైద్యం కోర్లు తీయడం. దాన్ని మాత్రం నీళ్ళకు కటకటలాడే మే నెలలో చేయను. స్క్రూడ్రైవర్ దిగని చోట్లకు సున్నంతో గుర్తు పెట్టి ఉంచుతాను. మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక 12 మి.మీ. గొట్టాలతో ఏడెనిమిది సెంటీమీటర్ల లోతు తీసి ఇసుక నింపుతాం. ఆ రోజు ప్రతి గ్రీన్ నుంచి ఒక కోర్ పక్కన పెట్టి వేరు పొడవు స్కేలుతో కొలిచి నోట్‌బుక్‌లో రాస్తాను. ఐదో గ్రీన్‌ది ముందు కొలుస్తాను.