పొగ పరీక్షకు ముందు బెల్టు చూసుకోండి

మొన్న రేణిగుంట రోడ్డులో పొల్యూషన్ సర్టిఫికెట్‌కు వచ్చిన ఓ పాత డీజిల్ టాక్సీ, రేస్ చేస్తుండగానే టక్కుమని ఆగిపోయింది. వాల్వులనూ పిస్టన్లనూ ఒక లెక్కలో తిప్పే టైమింగ్ బెల్టు తెగి, వాల్వులు పిస్టన్లకు తగిలాయి. తాడు కట్టి షెడ్డుకు లాక్కుపోయారు. ఇలా ఇంజిన్ పోగొట్టుకున్నవాళ్లను ముందూ చూశాను. బ్రహ్మోత్సవాల ముందు ట్రావెల్స్ బండ్లన్నీ కాగితాల కోసం ఒకేసారి పరిగెత్తుతాయి కాబట్టి చెబుతున్నా. ఎయిర్ ఫిల్టర్, సర్వీసు సంగతులు మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

డీజిల్ బండ్లు

పరీక్షలో బండిని న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ ఒక్కసారిగా చివరిదాకా తొక్కుతారు, అదీ కొన్నిసార్లు. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ మీద లోడు పడుతుంది గానీ అంత వేగానికి ఎవరూ తీసుకెళ్లరు. రోజూ బాగానే తిరిగే ముసలి బెల్టు ఇక్కడ తెగేది అందుకే. బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే పరీక్షకు వెళ్లకండి. పాత ఇన్నోవాల్లో మార్చే వేళకు టీ-బెల్ట్ లైటు వెలుగుతుంది. లైటు లేదు కదా అని సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు ధీమాగా ఉంటారు. బెల్టు జోలికి పోకుండా లైటు మాత్రం రీసెట్ చేసి అమ్మే ఘనులున్నారు. బిల్లు అడగండి. బిల్లు లేదంటే బెల్టు మారలేదనే లెక్క.

ఆయిల్ స్టిక్ మీద రెండు గీతల మధ్యే ఉండాలి. తక్కువైతే బేరింగులు పోతాయి. మరీ ఎక్కువైతే ఆయిలే కాలి పొగొస్తుంది.

బస్టాండుకీ అలిపిరికీ మధ్యే తిరిగే బండిలో మసి పేరుకుంటుంది. బెల్టు మంచిదని తేలాకే చిత్తూరు హైవే మీద ఒక గేరు తక్కువలో ఇరవై నిమిషాలు నడిపి, నేరుగా సెంటర్‌కు వెళ్లండి. పరీక్షకు ఇంజిన్ ఆయిల్ కనీసం 60 డిగ్రీలు ఉండాలి.

పెట్రోల్ బండ్లు

బీఎస్-4, బీఎస్-6 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాలు) కార్లకు ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు (కాలని ఇంధనం) 200 పీపీఎం (పది లక్షల్లో 200 పాళ్లు) దాటకూడదు. పొగలోని విషవాయువులను తగ్గించే కన్వర్టర్ వేడెక్కితే గానీ పనిచేయదు, చల్లటి బండితో వెళ్లకండి. చెక్ ఇంజిన్ లైటు ఉంటే ముందు అది చూపించండి. సిలిండర్ మిస్ అవుతుంటే, కాలని పెట్రోలు వెళ్లి కన్వర్టర్‌నే పాడుచేస్తుంది.

మిగతావి

సైలెన్సర్ చిల్లుకు వెల్డింగ్ పెట్టించండి, బయటి గాలి కలిస్తే రీడింగ్ తప్పుతుంది.

మూసిన షెడ్డులో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంజిన్ వేడి చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

వేడి బండిని ఎండుగడ్డి మీద ఆపకండి.

పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వును మూయించకండి. కన్వర్టర్ తీయించి ఖాళీ పైపు వేయించకండి.

బండి కదలకుండా ఫోటో పంపి సర్టిఫికెట్ తెప్పించుకోకండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూసుకోండి. సర్టిఫికెట్ లేకుండా దొరికితే చట్టం ప్రకారం 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

ఓటీపీ వచ్చే ఫోను దగ్గరుంచుకోండి.

డ్రైవర్‌కు తాళాలిచ్చి పంపే ఓనర్లూ, ముందు బెల్టు బిల్లు చూడండి.

రేస్ చేస్తున్నప్పుడు ఆయిల్ లైటు వెలిగినా, టకటకమన్నా ఆపేయమనండి. వెనక క్యూ ఉందని మొహమాటపడకండి. బెల్టు సంగతి తేలలేదా, బండి తిప్పుకుని వచ్చేయండి.