మంచు మీద గాలం – మూడవ పాఠం: గడ్డపార, చెమట, పిడిమేకులు

గత రెండు పాఠాలలో మూరెడు పొడవుండే మంచు గాలపు కర్రను పట్టుకోవడం, నైలాన్ తీగకు జారని ముడి వేయడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో చేప ఊసు దాదాపు రాదు. శీతకాలంలో మిన్నెసోటాలోనో కెనడాలోనో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళి, గడ్డకట్టిన సరస్సు మీద ఒక పూట కూర్చుని రావాలనుకునే చెన్నై వాసికి గాలం కంటే ముందు రావలసిన విద్యలు రెండున్నాయి. ఒకటి మంచును చదవడం, రెండవది ఒంటికి చెమట పట్టకుండా చూసుకోవడం.

మెరీనాలో కూర్చుని మంచు సరస్సు పాఠాలేమిటని నవ్వేవారు ఒకసారి తల తిప్పి ఐస్ హౌస్ వైపు చూడాలి. ఇప్పుడు వివేకానందర్ ఇల్లమని పిలుస్తున్న ఆ భవనాన్ని 1842లో అమెరికా వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ మంచు వ్యాపారం కోసం కట్టారు. అందులో నిలవ చేసినది మరలో చేసిన ఐసు కాదు, బోస్టన్ చుట్టుపక్కల చెరువులపై చలికాలంలో కోసి, రంపపుపొట్టులో పొదిగి, ఓడల్లో తెచ్చిన మంచు. ఆ చెరువుల మీదికి గుర్రాలను తోలి, నాగలి వంటి పనిముట్టుతో గీతలు గీసి గడ్డలు కోసేవారు. గుర్రాన్ని మోసే మంచు ఏదో, మోయనిది ఏదో తెలియకుండా ఆ వ్యాపారం ఒక్కరోజు కూడా సాగి ఉండదు. మనం నేర్చుకోబోయేది కూడా అదే లెక్క.

ముందుగా ఇంట్లో ఒక పరీక్ష చేయండి. కాచి చల్లార్చిన నీటిని ఒక స్టీలు గిన్నెలో రెండు అంగుళాల ఎత్తు పోయండి. మరొక గిన్నెలో దంచిన ఐసును నింపి, అది మునిగేంత చన్నీళ్ళు పోయండి. రెండింటినీ రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, ఉదయం గడ్డలను తీసి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మొదటిదానిలో అంచుల దగ్గరైనా అవతలి కిటికీ ఊచ కనిపిస్తుంది, రెండవది సున్నపుముద్దలా తెల్లగా ఉండి లోపల సూదిమొనంత గాలి బుడగలతో నిండి ఉంటుంది. సరస్సు మీద కురిసిన మంచు తడిసి మళ్ళీ గడ్డకట్టినప్పుడు ఏర్పడేది ఈ రెండవ రకం. దాని బలం మొదటి రకమైన తేటమంచు బలంలో సుమారు సగమే.

మిన్నెసోటా సహజ వనరుల శాఖ సూచన ప్రకారం, మనిషి నడవడానికి కొత్తగా ఏర్పడిన తేటమంచు కనీసం 4 అంగుళాల మందం ఉండాలి, మంచు మీద నడిచే మోటారు బండి స్నోమొబైల్‌కు 5 నుంచి 7, చిన్న కారుకు 9 నుంచి 10 అంగుళాలు కావాలి. తెల్లమంచు అయితే ఈ అంకెలను రెట్టింపు చేసుకోవాలి. అయితే ఏ మంచూ నూటికి నూరుపాళ్ళు భద్రం కాదని కూడా ఆ శాఖవారే చెబుతారు. సరస్సు మన ఫ్రీజర్ గిన్నెలా అంతటా ఒకేలా గట్టిపడదు. ఊటలున్నచోట, వాగు వచ్చి కలిసేచోట, వంతెన కింద మంచు పలచగా ఉంటుంది. పైన పేరుకున్న మెత్తని మంచు అందంగా కనిపిస్తుంది కానీ దుప్పటిలా చలిని అడ్డుకుని, కింది గడ్డ మందం కాకుండా చేస్తుంది.

అందుకే చేతిలో గడ్డపార ఉండాలి. అక్కడివారు వాడే మంచు ఉలి మన గడ్డపారకు తమ్ముడే, మొన మాత్రం ఉలిలా వెడల్పుగా ఉంటుంది. ఒడ్డు దిగగానే, అడుగు వేయబోయే చోట దానితో గట్టిగా పొడవాలి. గట్టి మంచు ఖంగుమంటుంది. ఒకటి రెండు పోట్లకే నీరు పైకి వస్తే ముందుకు పోకూడదు, వచ్చిన అడుగుజాడల్లోనే వెనుదిరగాలి. ముందుకు సాగుతున్నకొద్దీ కనీసం 150 అడుగులకొకసారి బరమాతో బెజ్జం వేసి, కొలబద్ద కొక్కేన్ని మంచు పలక అడుగంచుకు తగిలించి మందం కొలవాలి. నడుస్తుండగా సరస్సు లోపలినుంచి పెద్ద మూలుగు వినిపించవచ్చు. వేడి చలి మారినప్పుడు మంచు పలక సాగి కుంచించుకునే చప్పుడది, మొదటిసారి విన్నవారి గుండె జారిపోతుంది కానీ ఆ ఒక్క చప్పుడునే ప్రమాదమని అనుకోనక్కరలేదు. గడ్డపార చెప్పిన మాటనే నమ్మాలి.

ఇక చెమట. చెన్నైలో ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 13.9 డిగ్రీలు, కాబట్టి చలికి తగిన అలవాటు మనకు లేకపోవడంలో వింత లేదు. మనకున్న అలవాటు నూలు బట్ట, అదే అక్కడ శత్రువు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఖరీదైన జాకెట్టు కింద, చిన్ననాటి నుంచి వదలని నూలు బనియనే తొడుక్కున్నాను. ఉత్సాహం కొద్దీ చేతి బరమాతో నాలుగు బెజ్జాలు నేనే తోడాను. వీపు చెమటతో తడిసింది, ఆ క్షణాన హాయిగానే ఉంది. స్టూలు మీద కూర్చున్న పావుగంటకు బనియను తడిగుడ్డలా వీపుకు అంటుకుని, పళ్ళు టకటకలాడి, గాలం తీగను వేళ్ళతో పట్టుకోలేకపోయాను. తడి బట్ట పొడి బట్ట కంటే ఎన్నో రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది, నూలు ఆ తడిని వదలదు.

కనుక ఒంటికి తగిలే పొర మెరినో ఉన్నితో గానీ పాలిస్టర్‌తో గానీ చేసినదై ఉండాలి, దానిపై ఫ్లీస్, అన్నిటికంటే పైన గాలి చొరని కోటు వేసుకోవాలి. నడిచేటప్పుడు, బెజ్జం తోడేటప్పుడు పై కోటు జిప్పు తెరిచే ఉంచి, కొంచెం చలి వేస్తున్నట్టు ఉండగానే పని చేయాలి, కూర్చోబోయే ముందు మూసుకోవాలి. మార్చుకోవడానికి ఒక పొడి లోచొక్కా సంచిలో ఉండాలి. బూట్లు బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్ళు ముందుగా మొద్దుబారతాయి, మందపు ఉన్ని మేజోళ్ళతో వేసుకుని చూసి, వేళ్ళు కదిలే చోటున్నవే కొనండి. కాళ్ళ కింద ఒక థర్మాకోల్ పలక వేసుకుంటే చలి సగం తగ్గినట్టే ఉంటుంది. కాసిమేడులో చేపల పెట్టెకు వాడే ఆ పలకే ఇక్కడ చేపలు పట్టేవాడికి పనికివస్తుంది. బెజ్జంలో తేలే మంచుముక్కలను తీయడానికి మన బూరెల చిల్లుల గరిట చాలు, అక్కడి దుకాణంలో కొన్నది కూడా అచ్చంగా అలాగే ఉంటుంది. గుడారంలో గ్యాస్ పొయ్యి వెలిగించేవారు మాత్రం గాలి కంతలు మూయకూడదు, కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, అది ఉన్నట్టు పసిగట్టి కూసే చిన్న పరికరం దగ్గర ఉంచుకోవాలి.

ఇంత జాగ్రత్తపడినా మంచు విరగవచ్చు. చన్నీటిలో పడినవారికి మానిటోబా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క 1–10–1: ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, కాళ్ళూ చేతులూ చెప్పినట్టు వినేది పది నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. అంటే కంగారుపడి కేకలు పెట్టడంలో ఆ పది నిమిషాలు పోగొట్టుకోకూడదు. వచ్చిన దిక్కుకే తిరగాలి, ఎందుకంటే అంతవరకు మనలను మోసిన మంచు అటే ఉంది. మెడలో వేలాడే పిడిమేకులను పలకలో గుచ్చి, కాళ్ళు ఈతలో వలె తన్నుతూ పొట్టమీద పైకి పాకి, లేచి నిలబడకుండా దూరంగా దొర్లుకుంటూ పోవాలి.

పిడిమేకులంటే గుప్పిటలో ఇమిడే రెండు చెక్కపిడులు, ఒక్కొక్కదాని కొసన ఒక మేకు, రెండింటినీ కలిపే తాడు. వడ్రంగి చేత చేయించుకోవచ్చు, కానీ విమానంలో చేతిసంచిలో పెట్టకండి, పెద్ద పెట్టెలో వేయండి. ఈ వారం అభ్యాసానికి మేకులు లేని రెండు పిడులు చాలు. స్వెట్టరు తొడుక్కుని మొజాయిక్ నేల మీద బోర్లా పడుకుని, పిడులను ముందుకు ఆనించి, మోచేతుల బలంతోనే పది అడుగులు పాకండి, ఆపై మూడుసార్లు దొర్లండి. మోకాళ్ళ మీద లేవాలని ఒళ్ళు ఎన్నిసార్లు కోరిందో లెక్కపెట్టి రాసుకోండి, ఆ అంకె సున్నా అయ్యాకే నాలుగవ పాఠంలోని ఎర, బెండుల జోలికి వెళదాము.