కాలి ఎముకలు, 4వ పాఠం: ముందు ఆ రెండు గుబ్బల సంగతి తేల్చుకుందాం

ఈసారి నేరుగా పాదంలోకి వెళ్ళిపోదాం అనుకున్నా. కానీ పోయిన పాఠం చివర చీలమండ తడిమి చూసుకుని ఏ గుబ్బ ఏ ఎముకదో రాయమంటే సగం మందికి పైగా "కుడి పక్కది టిబియా, ఎడమ పక్కది ఫిబులా" అని పంపారు (టిబియా, ఫిబులా అంటే మోకాలి నుంచి చీలమండ దాకా ఉండే రెండు ఎముకలు). ఎవరికి కుడి? ఏ కాలికి కుడి? పొరపాటు నాది కూడా, బొమ్మలో ఎదురుగా కనపడే కుడికాలు ఒక్కటే ఇచ్చా, మీరు దాన్నే బట్టీ పట్టేశారు.

లేచి నిలబడి కిందకి చూడండి. మీ కుడికాలికి కుడి పక్కన ఉన్నది ఫిబులా. అదే ఎడమకాలికి కుడి పక్కన ఉన్నది టిబియా. ఇంకో మనిషికి ఎదురుగా కూర్చుని చూస్తే ఇదంతా మళ్ళీ తిరగబడిపోద్ది. పోనీ పైన, కింద అందామా అంటే బాసింపట్టు వేసుకుని కూర్చోండి, బయట గుబ్బ కిందకొచ్చి నేలకి ఒత్తుకుంటది, గచ్చు మీద ఎక్కువసేపు కూర్చుంటే నొప్పెట్టేది అదే, అది ఫిబులాది. మా పెద్దమ్మ కాలు విరిగినప్పుడు ఒకచోట చీటీ మీద "కుడి పక్క ఎముక" అని మాత్రమే రాసిచ్చారు, ఇంకోచోటకి తీసుకెళ్తే ఏ కాలు, ఏ ఎముక అని మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకోవాల్సొచ్చింది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

నా గుర్తు ఒకటే: చిటికెన వేలు వైపు చిన్న ఎముక, బొటనవేలు వైపు బండ ఎముక. చిన్నది ఫిబులా, బండది టిబియా. కాలు ఎటు తిప్పినా ఇది మారదు. ఇంకోటి, గుబ్బలు వేరే ఎముకలు కావు, ఆ రెండు ఎముకల కింది కొసలే. మలియోలస్ అంటారు.

ఇప్పుడు రెండు గుబ్బల మీదా చెరో వేలు పెట్టి చూడండి. బయటది కొంచెం కిందకి దిగి ఉంటది. దానివల్ల పాదం బయటకి ఒరగడం కష్టం, పైగా లోపలి వైపు లిగమెంటు (ఎముకకీ ఎముకకీ కట్టేసినట్టుండే పట్టీ) బాగా గట్టిది. అందుకే కాలు మడత పడితే ఎక్కువగా అరికాలు లోపలికి తిరిగి, బయట వైపే వాస్తది.

ఈ గుబ్బల మధ్య ఉండే ఎముక టేలస్. వడ్రంగి గాడిలో చీల దిగ్గొట్టినట్టు ఉంటది, ముందు వెడల్పు, వెనక సన్నం. ఒంటి బరువంతా దీని మీద నుంచే పాదంలోకి దిగుతుంది, అయినా దీనికి ఒక్క కండరం కూడా అతుక్కుని ఉండదు. వేళ్ళు పైకి లేపితే వెడల్పు భాగం గాడిలోకొచ్చి బిగుసుకుంటది, వేళ్ళు కిందకి వంచితే సన్న భాగం వచ్చి వదులవుద్ది. దుర్గమ్మ కొండ మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తది గానీ కాలు బెణికేది చాలాసార్లు దిగేటప్పుడే, వేళ్ళు కిందకి చాచి అడుగేస్తాం కదా, జాయింటు వదులుగా ఉంటది.

పాదంలో మొత్తం 26 ఎముకలు. చీలమండ నుంచి పాదం మధ్య దాకా 7, అక్కడి నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా ఉండే పొడుగు ఎముకలు, అంటే మెటటార్సల్స్ 5, వేళ్ళవి 14. బొటనవేలికి రెండే, మిగతా వాటికి మూడేసి. ఆ ఏడింటిలో పెద్దది మడమ ఎముక కాల్కేనియస్, మిగతావి వచ్చేసారి. ఒక్కటి మాత్రం ఇప్పుడే చూస్కోండి: చిటికెన వేలు నుంచి పాదం అంచు వెంబడి వేలు వెనక్కి జరుపుతూ వస్తే సగం దూరంలో ఒక బుడిపె తగుల్తది. ఐదో మెటటార్సల్ మొదలు అది. కాలు మడత పడ్డప్పుడు అక్కడ అతుక్కున్న నరం లాగి, చిన్న ముక్క ఊడొచ్చే ప్రమాదం ఉంది (మనం నరం అంటాం గానీ అది కండరం కొస). బెణుకే కదా అని కట్టు కట్టుకుని ఊరుకోకండి, ఆ బుడిపె మీద నొక్కితే ప్రాణం పోయేంత నొప్పుంటే ఎక్స్‌రే తీయించండి.

ప్రాక్టీసు: ఇంట్లో ముగ్గురి కాళ్ళు తీసుకోండి, ఆరు చీలమండలు, పన్నెండు గుబ్బలు. స్కెచ్ పెన్‌తో అన్నిటి మీదా పేరు రాయండి, తర్వాత కళ్ళు మూసుకుని తడిమి చెప్పండి. అమ్మో, అత్తయ్యో మెట్టెలు పెట్టుకుంటే అవి ఏ వేలికి, ఆ వేలి ఎముకల్లో ఎన్నో దాని మీద ఉన్నాయో కూడా రాయండి. ఏ కాలో చెప్పడానికి తప్ప కుడి, ఎడమ అన్న మాట జవాబులో ఎక్కడ కనపడినా దిద్దకుండా వెనక్కి పంపిస్తా.