కాలేజీకి వెళ్లబోయే పిల్లలకు వేసవిని అప్పగించడం ఎలా?

ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు ముగిసిన నాటి నుంచి పై చదువుల తరగతులు మొదలయ్యే వరకు పిల్లల చేతికి కొన్ని నెలలు వస్తాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చాలా ఇళ్లలో ఆ నెలలను పెద్దలే కోచింగ్‌తోనో కంప్యూటర్ కోర్సుతోనో నింపేస్తారు. త్వరలో హాస్టల్‌లో తన తిండి, నిద్ర, ఖర్చు తానే చూసుకోవలసిన బిడ్డకు ఈ ఒక్క వేసవైనా సొంతంగా నడుపుకునే అవకాశం ఇవ్వాలి. పొరపాటు జరిగినా ఇంటి అండ ఉండగానే జరగడం మేలు.

మొదట వాయిదా వేయడానికి వీల్లేని పనులను వేరు చేయండి. ఎప్‌సెట్ రాసేవారికి పరీక్ష, వెబ్ ఆప్షన్ల గడువులు ఉంటాయి. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల పరిధిలోని డిగ్రీ కాలేజీల్లో చేరాలంటే 2016లో మొదలైన డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం దోస్త్ ద్వారా దరఖాస్తు చేయాలి. టీసీ, స్టడీ సర్టిఫికెట్లతో పాటు మీసేవలో తీసుకోవలసిన కుల, ఆదాయ ధ్రువపత్రాలు కూడా సిద్ధంగా ఉండాలి. ఈ జాబితాను బిడ్డ చేతనే రాయించండి. పదో తరగతి మెమోలోని పేరు, ఆధార్‌లోని పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో కూడా తననే సరిచూడమనండి.

తరువాత మీ షరతులను ఒక్కసారే, స్పష్టంగా చెప్పండి. ఖర్చుకు ఎంత ఇవ్వగలరు, ఇంటి పనిలో తన వంతు ఏమిటి, రాత్రి ఎవరి ఇంట్లో ఉండవచ్చు అన్నవి చాలు. పద్దెనిమిదేళ్లు నిండి, లైసెన్స్ వచ్చే వరకు గేర్ల బండి నడపకూడదని, సాగర్ కాలువలో ఈతకు దిగకూడదని మాత్రం గట్టిగానే చెప్పాలి.

ఇక "ఏం చేద్దామనుకుంటున్నావు బిడ్డా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. అసలు కష్టం ఇక్కడే ఉంది. ఇక్కత్ నేతకు పేరున్న పుట్టపాకలోని మేనత్త ఇంట్లో ఉండి మగ్గం పని నేర్చుకుంటానని అమ్మాయి అంటే, "ఇందుకేనా చదివించింది?" అన్న మాట నోటి దాకా వస్తుంది. ఆ మాట అనకండి. ఒక్క వేసవిలో చీర నేయడం రాకపోవచ్చు గాని, ఆసు పోసిన (మేకుల మధ్య వరుసగా చుట్టిన) నూలును గుర్తుల ప్రకారం బిగించి కట్టడం, రంగులో ముంచి తీశాక కట్టు విప్పితే అక్కడ నూలు రంగు అంటకుండా మిగలడం దగ్గరుండి చూస్తే, చేతిపనిలో ఎంత లెక్క ఉందో ఆమెకు తెలుస్తుంది. ఎలా వెళ్తావు, ఎవరు నేర్పుతారు, కౌన్సెలింగ్‌కు ఎప్పుడు తిరిగి వస్తావు అని మాత్రం అడగండి.

ఒకసారి అప్పగించాక వెనక్కి తీసుకోకండి. రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజాము నుంచి స్టడీ అవర్లలో కూర్చున్న పిల్లవాడు మొదట కొన్నాళ్లు నిద్రపోతే పోనివ్వండి. గడువు తప్పేలా ఉన్నా, ఆరోగ్యం చెడినా, ప్రమాదం కనిపించినా తప్ప జోక్యం వద్దు. పెళ్లిళ్లలో బంధువులు "ఖాళీగానే ఉన్నాడా?" అని అడిగితే, "ఈ సెలవులు తన నిర్ణయానికే వదిలాం" అని బిడ్డ ఎదుటే చెప్పండి.

డబ్బును విడతలుగా కాకుండా నెలకు ఒకేసారి ఇచ్చి, లెక్క తననే రాసుకోమనండి. నెల మధ్యలో అయిపోతే మళ్లీ ఇవ్వకుండా, మిగిలిన రోజులు ఎలా గడుపుకోవాలో తననే ఆలోచించుకోనివ్వండి.