మెదక్ చర్చికి వెళ్తున్నారా? పొద్దున్నే బయల్దేరండి

హైదరాబాద్ నుంచి మెదక్ చర్చికి తీరిగ్గా బయల్దేరితే చేరేసరికి పొద్దు వాలిపోతుంది. అక్కడి రంగు అద్దాల కిటికీలకు బయటి వెలుతురే ప్రాణం, చీకటి పడితే బొమ్మలేవీ కనిపించవు. ఒకసారి అలాగే నిరాశగా తిరిగొచ్చాం.

ఈసారి పొద్దున 6కే సికింద్రాబాద్‌లోని జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)లో బస్సెక్కాం. దాదాపు 100 కిలోమీటర్లు, నర్సాపూర్ అడవి మీదుగా చల్లగా సాగే దారి. ఎండ బాగా వచ్చాక లోపల నిలబడితే, బలిపీఠం వెనుక క్రీస్తు ఆరోహణం (పరలోకానికి వెళ్లడం) చూపే కిటికీ ఎంత అందంగా వెలిగిందో! ఫొటో తీయనిస్తే, ఫోన్‌లో కిటికీ మీదే నొక్కి బ్రైట్‌నెస్ కాస్త తగ్గించండి, రంగులు తెల్లబోవు.

మబ్బు పట్టిన రోజు మాత్రం ఇది పనిచేయదు. ఆదివారం పొద్దున ఆరాధన ఉంటుంది, అప్పుడు చూడ్డానికని తిరగకూడదు. క్రిస్మస్‌కైతే విపరీతమైన జనం.